వరల్డ్ ఛాంపియన్ అంత స్లోగా పరిగెత్తాడేటి? ఇండోర్ 1500 వెనకున్న లెక్క

ఇథియోపియా కుర్రోడు శామ్యూల్ టెఫెరా 2018 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో జరిగిన వరల్డ్ ఇండోర్ ఛాంపియన్‌షిప్స్‌లో 1500 మీటర్ల గోల్డ్ కొట్టాడు. టైమ్ 3 నిమిషాల 58.19 సెకన్లు. అప్పటికి అతనికి 18 ఏళ్లే. ఏడాది తిరక్కుండా, 2019 ఫిబ్రవరిలో, అదే ఊరు, అదే హాలు, అదే 1500, ఈసారి 3 నిమిషాల 31.04 సెకన్లు, అది అప్పటికి వరల్డ్ ఇండోర్ రికార్డు, మొరాకో ఆయన హిషాం ఎల్ గెరూజ్ 1997లో పెట్టిన 3:31.18 ఆ రోజుతో పోయింది. రెండు టైములకీ తేడా 27 సెకన్లు. ఆ స్పీడుల్లో 27 సెకన్లంటే ఇండోర్ ట్రాక్ మీద దాదాపు ఒక రౌండు. అంటే రికార్డు కొట్టిన టెఫెరా లైన్ దాటేసరికి గోల్డ్ కొట్టిన టెఫెరాకి ఇంకా ఇంచుమించు ఒక రౌండు మిగిలే ఉంటాది.

ఈ ముక్క మా శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లారగట్ల 1600 ప్రాక్టీస్ చేసే కుర్రోళ్లకి చెప్తే ఒక పట్టాన నమ్మలేదు. "అదేటన్నా, మొదటిసారి కాలికి దెబ్బేటైనా తగిలిందేటి ఆయనకి?" అని అడిగాడొకడు. దెబ్బా లేదు, జ్వరమూ లేదు. కానీ ఆ కుర్రోడు అలగ అడగడంలో న్యాయం ఉంది, ఎందుకంటే మన కాడ, ఇటు శ్రీకాకుళమైనా అటు విజయనగరమైనా, పరుగంటే ముందు గుర్తొచ్చేది ఆర్మీ ర్యాలీ, అది కాకపోతే కానిస్టేబుల్ ఈవెంట్స్. అక్కడ పక్కన ఎవడు పరిగెత్తాడు, నువ్వు ఎన్నోవాడివి వచ్చావు అన్నది పెద్ద లెక్కలోకి రాదు, గడియారం ఏం చెప్తే అదే. అగ్నివీర్ ర్యాలీలో 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు కొడితే 60కి 60 మార్కులు, దాటితే తగ్గిపోతాయి, కానిస్టేబుల్‌కి అయితే అదే 1600 ఎనిమిది నిమిషాల్లోపు. కాబట్టి మన కుర్రోళ్ల బుర్రలో ఎప్పుడూ ఒకటే ప్రశ్న, టైమ్ ఎంత.

ఛాంపియన్‌షిప్ ఫైనల్ దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. అక్కడ టైమ్‌కి మార్కుల్లేవు, ఎవడు ముందు లైన్ దాటితే వాడికి గోల్డ్, 3:58 అయినా 3:31 అయినా మెడల్ ఒకటే. సరే, అది అందరికీ తెలిసిందే అనుకోండి. మరి 3:31 కొట్టగలిగే సత్తా ఉన్నోడు మొదటి నుంచే లాగించేసి అందర్నీ వెనక వదిలేయొచ్చు కదా, ఎందుకు వదలడు? ఇక్కడే అసలు చిక్కుంది. ఇండోర్ మిడిల్ డిస్టెన్స్‌లో నిజంగా జరిగే కొట్లాట సెకన్ల కోసం కాదు, చోటు కోసం. ట్రాక్ లోపలి అంచు పక్కన ఓ అడుగు వెడల్పు చోటు ఉంటాది చూడండి, దాని కోసం. అది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి.

ముందు ట్రాక్ సంగతి చూద్దాం. బయట స్టేడియంలో ట్రాక్ 400 మీటర్లు, ఇండోర్‌లో 200. అందుకని 1500 అంటే బయట మూడుముప్పావు రౌండ్లు, లోపల ఏడున్నర. బెండ్లు, అంటే మలుపులు లెక్కేస్తే బయట ఏడూ చిల్లర వస్తాయి, లోపల 15. అదీ చిన్న చిన్న బెండ్లు. బయట స్టాండర్డ్ ట్రాక్ బెండ్ రేడియస్ 36.5 మీటర్లు, లోపల 17 మీటర్ల పైచిలుకు, అంటే సగం కూడా లేదు. సెకనుకి ఏడు మీటర్ల స్పీడులో ఉన్న 60 కిలోల మనిషిని ఆ ఇండోర్ బెండ్ పక్కకి లాగే బలం దాదాపు 17 కిలోల బరువంత ఉంటాది, అదే బయట ట్రాక్‌లో అయితే ఎనిమిది కిలోల చిల్లర. అందుకే ఇండోర్‌లో బెండ్లని బయటి వైపు పైకి లేపి కడతారు, దాన్నే బ్యాంకింగ్ అంటారు, ఎక్కువ ట్రాకుల్లో ఓ పది డిగ్రీల వరకూ ఉంటాది, రూల్ ప్రకారం 15 దాటకూడదు. జాతర్లలో చెక్కల బావి కట్టి గోడ మీద మోటార్ సైకిల్ తిప్పుతారు కదా, ఆ సూత్రమే, కాకపోతే ఇక్కడ ఇంజిన్ లేదు, కాళ్లే. బ్యాంకింగ్ పది డిగ్రీలున్నా ఆ స్పీడుకి మనిషి వాలాల్సింది 16 డిగ్రీల దాకా ఉంటాది కాబట్టి మిగతాది చీలమండ, తుంటి మోసుకోవాలి, అదీ ఎప్పుడూ ఎడమ వైపే.

ఇప్పుడు అసలు లెక్క. బెండ్‌లో నువ్వు లోపలి అంచు వదిలి ఒక మీటరు బయటికి పరిగెత్తావనుకో, ఒక్క బెండ్‌కి ఎక్స్‌ట్రా దూరం 3.14 మీటర్లు. ఇది ట్రాక్ చిన్నదా పెద్దదా అన్నదానితో పని లేకుండా అంతే వస్తాది, అర్ధవృత్తం లెక్క అలాంటిది. ఏడు మీటర్ల స్పీడులో అది 0.45 సెకన్లు. ఒక బెండ్‌కి ఇది. 1500 మొత్తం అలగ ఒక మీటరు బయట ఉండిపోతే, బయట స్టేడియంలో 22 మీటర్ల పైచిలుకు ఎక్కువ పరిగెత్తినట్టు, ఇండోర్‌లో అయితే 47 మీటర్లు. నలభై ఏడు! ఫైనల్లో గోల్డ్‌కీ నాలుగో స్థానానికీ మధ్య మూడు నాలుగు మీటర్లు ఉంటే గొప్ప. పైగా బెండ్ బయటికి లేచి ఉంటాది కదా, ఒక మీటరు బయటికి జరిగితే 17 సెంటీమీటర్లు పైకెక్కినట్టు కూడా, మళ్లీ లోపలికి రావాలంటే దిగాలి.

అయితే స్ట్రెయిట్‌లో, అంటే రెండు బెండ్ల మధ్య తిన్నగా ఉండే ముక్కలో, దాటొచ్చు కదా అంటారు. దాటొచ్చు, దాటతారు కూడా. కానీ ఇండోర్ స్ట్రెయిట్ పొడవు సుమారు 45 మీటర్లు, అంటే ఆరున్నర సెకన్లు. బయట 84 మీటర్ల పైన ఉంటాది, అక్కడ 12 సెకన్లు దొరుకుతాయి. ఆరున్నర సెకన్లలో నీ ముందున్న మనిషి వెనక నుంచి పక్కకి రావాలి, అతన్ని దాటాలి, బెండ్ వచ్చేలోపు అతని కాళ్లకి తగలకుండా లోపలికి దూరాలి. అంటే మొత్తం మీద ఓ రెండున్నర మూడు మీటర్లు గెలుచుకోవాలి. అతను మామూలుగా పోతున్నాడంటే సరే, కానీ అతనికి నువ్వు వస్తున్నట్టు తెలిసి కొంచెం స్పీడు పెంచాడనుకో, నువ్వు బెండ్ మొదలయ్యేసరికి ఇంకా అతని భుజం పక్కనే ఉంటావు, ఇరుక్కుపోయావు. ఆ బెండంతా బయట, ఎత్తులో, మూడు మీటర్లు ఎక్కువ పరిగెత్తుతూ. మళ్లీ స్ట్రెయిట్, మళ్లీ ట్రై, మళ్లీ అతను పెంచుతాడు. ఇలగ రెండు బెండ్లు అయ్యేసరికి చివరి రౌండ్‌కి దాచుకున్న బలం సగం పోతాది. ఇండోర్‌లో ఎదుటోడిని అలగ అరగదీయడం ఒక విద్య, ముందున్నోడు కొంచెం కొంచెం పెంచుతూ వెనకోడిని బెండ్ బయట నిలబెట్టడం.

మరి ముందుండడమే లాభమైతే అందరూ ముందుకే పోవాలి కదా. అక్కడ రెండో చిక్కు. ముందున్నోడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. హాలు లోపల గాలి వీయదు నిజమే, కానీ సెకనుకి ఏడు మీటర్లతో పోతుంటే మనమే గాలికి ఎదురెళ్తున్నట్టు, వెనక మీటరు దూరంలో ఉన్నోడికి ఆ భారం చాలా మటుకు తప్పిపోతాది. దానికంటే పెద్దది బుర్ర మీద పడే బరువు. స్పీడు నువ్వే తేల్చుకోవాలి, వెనక ఎవడు ఎప్పుడు కదుల్తాడో కనబడదు. వెనకున్నోడికి అన్నీ కనబడతాయి, అతను చేయాల్సిందల్లా నీ వీపు చూస్తూ రావడమే. కాబట్టి ముందు చోటు మంచిదే కానీ అద్దె ఎక్కువ, ఎవరూ మొదటి నుంచి కట్టడానికి ఇష్టపడరు. 2018 బర్మింగ్‌హామ్ ఫైనల్లో జరిగింది అదే. ఎవరూ లాగడానికి ముందుకి రాలేదు, రౌండ్లు మెల్లగా దొర్లిపోయాయి, ఏడున్నర రౌండ్ల సగటు తీస్తే రౌండ్‌కి 31.8 సెకన్లు పడింది, తీరా చివర్లో ఒక్కసారిగా స్ప్రింట్. టెఫెరా 3:58.19, పోలండ్ ఆయన మార్సిన్ లెవాండోవ్‌స్కీ 3:58.39, మొరాకో ఆయన అబ్దెలాతి ఇగిదెర్ 3:58.43. మూడు మెడల్స్ పావు సెకనులో ఇమిడిపోయాయి. ఇదేనా వరల్డ్ ఫైనల్ అనిపిస్తాది గానీ, నా మటుకు నాకు అది చేవ లేని రేసు కాదు, చివరి ఐదారు బెండ్లలో ఎవరు ఏ చోటు పట్టుకున్నారన్నది చూస్తే 3:31 రేసు కంటే ఎక్కువ కథ ఉంది అందులో.

2019లో మరి ఏం మారింది? అది ఛాంపియన్‌షిప్ కాదు, గ్రాండ్ ప్రి మీట్. అలాంటి మీట్లలో పేసర్లు ఉంటారు, అంటే డబ్బిచ్చి ముందు లాగించడానికి పెట్టుకున్న రన్నర్లు, మొదటి సగం దాకా సరిగ్గా అడిగిన స్పీడుకి లాగి పక్కకి తప్పుకుంటారు. ఇప్పుడైతే ట్రాక్ లోపలి అంచున లైట్లు కూడా పెడుతున్నారు, రికార్డు స్పీడుకి ఆ లైటు ముందుకి పరిగెత్తుతుంటాది, దాని వెనక పోవడమే. అలగ నడిచే రేసు ఎంత దూరం పోగలదో చూడాలంటే 2025 ఫిబ్రవరి 13న ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో నార్వే రన్నర్ యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ కొట్టిన మైలు చూడండి, 3 నిమిషాల 45.14 సెకన్లు, దారిలో 1500 దగ్గర 3:29.63, రెండూ వరల్డ్ ఇండోర్ రికార్డులే. ఐదు రోజుల ముందే న్యూయార్క్‌లో అమెరికా రన్నర్ యారెడ్ నుగూస్ 3:46.63తో ఆ మైలు రికార్డు పట్టుకున్నాడు, వారం కూడా ఉంచుకోలేకపోయాడు. మైలు అంటే 1609 మీటర్లు, అంటే మన ర్యాలీ 1600 కంటే తొమ్మిది మీటర్లు ఎక్కువ. మనోళ్లు ఐదున్నర నిమిషాలకి కొట్టాలంటే ప్రతి 200 మీటర్లూ 41 సెకన్లలో రావాలి. ఇంగెబ్రిగ్ట్‌సెన్ ప్రతి 200 నీ 28 సెకన్లలో తిప్పాడు, ఎనిమిది రౌండ్లు, ఆగకుండా. ఈ పోలిక కుర్రోళ్లకి చెప్పినప్పుడు గ్రౌండ్ నిశ్శబ్దం అయిపోలేదు గానీ, ఒకడు వెంటనే ఫోన్ తీసి 200 మీటర్లు ఒక్కటి 28లో వస్తాదేమో అని కొట్టి చూసుకున్నాడు, అతనికి వచ్చింది కూడా. రెండోది రాలేదు.

అదే ఇంగెబ్రిగ్ట్‌సెన్ నెల తిరిగాక 2025 మార్చిలో చైనాలోని నాన్‌జింగ్‌లో వరల్డ్ ఇండోర్ ఛాంపియన్‌షిప్స్‌కి వచ్చి 1500 గెలిచాడు, టైమ్ 3:38.79. తన రికార్డు కంటే తొమ్మిది సెకన్లు ఎక్కువ. దానికి ముందే 3000 మీటర్లు కూడా గెలిచాడు 7:46.09తో, రెండో వచ్చిన ఇథియోపియా రన్నర్ బెరిహు అరెగావి 7:46.25, తేడా 0.16. ఒకే ఛాంపియన్‌షిప్‌లో 1500, 3000 రెండూ కొట్టడం అంతకుముందు ఒక్కడికే కుదిరింది, 1999లో జపాన్‌లోని మాయెబాషిలో హైలే గెబ్రెసెలాసీకి. ఇది ఎందుకంత అరుదు అంటే స్పీడు చాలక కాదు, హీట్స్ (ఫైనల్‌కి ముందు వడపోత రేసులు), ఫైనల్స్ అన్నీ కలిపి మూడు రోజుల్లో కుక్కేస్తారు, ఒక్కో రేసులో ఎవడో ఒకడు తాజా కాళ్లతో ఉంటాడు, వాడు నీ వెనకే కూర్చుంటాడు.

ఆ వెనక కూర్చునే వాడు ఎంత ప్రమాదమో ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కి అప్పటికే బాగా తెలుసు. 2022 ఫిబ్రవరిలో లియెవాన్‌లోనే 3:30.60 కొట్టి టెఫెరా రికార్డు లాగేసుకున్నాడు. నెల తర్వాత సెర్బియాలో బెల్‌గ్రేడ్ వరల్డ్ ఇండోర్ ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఇంగెబ్రిగ్ట్‌సెన్ తన పద్ధతిలో ముందుండి లాగాడు, స్లో రేసు కానివ్వలేదు, చివర్లో స్ప్రింట్ కొట్టే వాళ్లందరినీ వదిలించుకోవాలని. చాలామంది వదిలారు, టెఫెరా మాత్రం వదల్లేదు, వీపుకి అంటుకుని వచ్చి చివర్లో దాటేశాడు. 3:32.77, ఛాంపియన్‌షిప్ రికార్డు, ఇంగెబ్రిగ్ట్‌సెన్ 3:33.02. తర్వాత ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కి కోవిడ్ పాజిటివ్ వచ్చింది, అది కూడా కారణం అయ్యుండొచ్చు, కానీ టెఫెరా తెలివిని తక్కువ చేయడానికి లేదు. 2018లో అందరూ మెల్లగా పోతే మెల్లగా పోయి గెలిచాడు, 2022లో ఒకడు లాగితే ఆ లాగుడు మీదే స్వారీ చేసి గెలిచాడు. రెండు రేసుల్లోనూ అతను టైమ్ చూడలేదు, ఎక్కడ నిలబడాలో చూశాడు.

ఇంకో రకం గెలుపు కూడా ఉంది, అది 2024 గ్లాస్గోలో. న్యూజిలాండ్ రన్నర్ జార్డీ బీమిష్ చివరి రౌండ్‌లో వెనక నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి లైన్ దగ్గర గెలిచాడు, 3:36.54, రెండో వచ్చిన అమెరికా రన్నర్ కోల్ హాకర్ 3:36.61. పైన చెప్పిన లెక్క ప్రకారం ఇండోర్‌లో వెనక నుంచి రావడం కష్టం కదా, మరెలగ వచ్చాడు? ముందున్న వాళ్లంతా ఒకరినొకరు బెండ్ల బయట నిలబెట్టుకుంటూ అలిసిపోయి ఉంటే, వాళ్లందరూ ఒకేసారి నెమ్మదిస్తారు, అప్పుడు వెనక లోపలి అంచు పట్టుకుని బలం దాచుకున్నోడికి దారి దొరుకుతాది. దొరక్కపోతే మాత్రం ఆరో స్థానమో ఏడో స్థానమో, కాళ్లలో బోలెడు బలం మిగుల్చుకుని ఇంటికెళ్లడమే. దీన్నే బాక్స్ అయిపోవడం అంటారు, ముందొకడు, పక్కనొకడు, ఎటూ కదలలేవు. ఆ హాకరే ఐదు నెలలు తిరిగేసరికి పారిస్ ఒలింపిక్స్‌లో 3:27.65తో గోల్డ్ కొట్టాడు, అదీ లోపలి అంచున దొరికిన సందులోంచి, ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఆ రోజు మొత్తం లాగి నాలుగో స్థానానికి పడిపోయాడు.

అయితే 800 కథ వేరు. ఇండోర్‌లో 800 అంటే నాలుగే రౌండ్లు, ఎనిమిదే బెండ్లు, ఫైనల్లో ఎక్కువగా ఆరుగురే. మొదట కాసేపు ఎవరి లేన్‌లో వాళ్లు పరిగెత్తి బ్రేక్ లైన్ దాటాక అందరూ లోపలికి దూసుకొస్తారు, ఆ దూసుకురావడంలో ముందు ఎవడు లోపలి అంచు పట్టాడో సగం రేసు అక్కడే తేలిపోతాది. ఇక్కడ ఒక తప్పు చేస్తే దిద్దుకోడానికి రౌండ్లు మిగలవు. పైగా 1500లో శరీరం వాడే శక్తిలో ఎనభై శాతం పైన ఆక్సిజన్‌తో వచ్చేదే అయితే 800లో అది మూడింట రెండొంతులు, అంటే అప్పు మీద నడిచే భాగం ఎక్కువ, ఆ అప్పులో ఉన్నప్పుడు బెండ్ బయట మూడు మీటర్లు ఎక్కువ తిరగడమంటే వడ్డీకి వడ్డీ. అందుకే 800లో ముందు నుంచే లాగేసే వాళ్లు ఇండోర్‌లో బాగా గెలుస్తారు. 2016లో పోర్ట్‌లాండ్‌లో అమెరికా రన్నర్ బోరిస్ బెరియన్ అలగే ముందుండి 1:45.83కి గెలిచాడు, 2025 నాన్‌జింగ్‌లో మరో అమెరికా కుర్రోడు జాష్ హోయ్ 1:43.24తో.

కానీ ముందుండి లాగడమంటే విల్సన్ కిప్‌కెటర్ తర్వాతే ఎవరైనా. కెన్యాలో పుట్టి డెన్మార్క్‌కి పరిగెత్తినాయన. పౌరసత్వం చిక్కుతో 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పరిగెత్తే అవకాశమే దొరకలేదు, ఆ టైమ్‌కి ప్రపంచంలో అతన్ని 800లో ఆపేవాడు లేడు. తర్వాతి ఏడాది మార్చిలో పారిస్ వరల్డ్ ఇండోర్స్‌కి వచ్చాడు. హీట్స్‌లోనే, అంటే మామూలుగా ఎవరైనా బలం దాచుకునే చోట, 1:43.96 కొట్టి వరల్డ్ రికార్డు పెట్టాడు. రెండు రోజుల తర్వాత ఫైనల్లో 1:42.67, తన రికార్డునే ఇంకో సెకను పైన తగ్గించేశాడు. పేసర్ లేడు, లైట్లు లేవు, 200 మీటర్ల ట్రాక్ మీద రౌండ్‌కి సగటున 25.7 సెకన్లు. ఛాంపియన్‌షిప్‌లో టైమ్ రాదు, ఎత్తుగడలే నడుస్తాయి అని ఇంతసేపూ నేను చెప్పినదానికి ఇది ఎదురు సాక్ష్యం లాగుంటాది. నిజానికి కాదు. మిగతా వాళ్లకంటే అంత మెరుగ్గా ఉన్నప్పుడు ముందు చోటు అద్దె కట్టుకోగలవు, అప్పుడు లోపలి అంచు ఫ్రీగా నీదే, వెనకోళ్లే తిప్పలు పడతారు. అంత తేడా ఉన్న మనిషి దశాబ్దానికి ఒకడొస్తాడు. ఆ 1:42.67 పాతికేళ్లు దాటినా ఎవరికీ అందలేదు, 2026 జనవరిలో జాష్ హోయ్ దాటేదాకా.

3000 గురించి పెద్దగా చెప్పేది లేదు, 15 రౌండ్లు, 30 బెండ్లు, అందరూ అందరి వెనక దాక్కోవడానికి చూస్తారు. గ్లాస్గోలో స్కాట్లాండ్ కుర్రోడు జాష్ కెర్ సొంత జనం ముందు 7:42.98తో ఇథియోపియా రన్నర్ సెలెమన్ బరేగాని ఓడించాడు, అప్పటి రికార్డు 7:23.81, దాదాపు ఇరవై సెకన్ల తేడా, కారణాలన్నీ పైన చెప్పినవే.

ఇంకో సంగతి మాత్రం చెప్పాలి, ఇంత ఇరుకులో ఇంత తోపులాట ఉంటే రూల్స్ కూడా గట్టిగానే ఉంటాయి. లోపలి గీత మీద ఒకసారికి మించి కాలేసినా, వేరే వాడి దారికి అడ్డుపడినా, రేసు అయ్యాక వీడియో చూసి తీసేస్తారు. 2018 బర్మింగ్‌హామ్‌లోనే మగవాళ్ల 400 హీట్స్‌లో ఒక హీట్ మొత్తం, పరిగెత్తిన ఐదుగురూ, డిస్‌క్వాలిఫై అయ్యారు. మన గుల్‌వీర్ సింగ్‌కి కూడా ఇలాంటి దెబ్బే తగిలింది, 2024లో టెహ్రాన్ ఆసియా ఇండోర్స్‌లో 3000 మీటర్లలో అందరికంటే ముందొచ్చి, లేన్ తప్పాడని డిస్‌క్వాలిఫై అయ్యాడు. అది విన్నరోజు నాకు చాలా బాధేసింది. ఆ కుర్రోడిలో బలం లేక కాదు, మనకి ఆ ఇరుకు ట్రాకుల మీద రేసులు ఆడిన అలవాటు లేక. చిన్నప్పట్నుంచి 400 ట్రాక్ మీదో మట్టి గ్రౌండ్ మీదో పెరిగినోళ్లకి ఈ గీతలు, ఈ ఎత్తులు, ఈ ఆరు సెకన్ల సందులు ఎక్కడ తెలుస్తాయి? ఆ గుల్‌వీరే మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బోస్టన్‌లో ఇండోర్ 5000 మీటర్లు 12:59.77కి కొట్టాడు, 13 నిమిషాల లోపు వచ్చిన మొదటి భారతీయుడు. స్పీడు మనోళ్లకి ఉంది.

మనకి దగ్గర్లో కూడా దారి లేకపోలేదు. భువనేశ్వర్ కళింగ స్టేడియం దగ్గర ఇప్పుడు ఇండోర్ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంది, ఆమదాలవలస స్టేషన్‌లో రైలెక్కితే మనకి అది హైదరాబాద్ కంటే చాలా దగ్గర. మన జిల్లాల్లో మీట్లకి వెళ్లే 800, 1500 కుర్రోళ్లని ఒక్కసారైనా తీసుకెళ్లి ఆ బెండ్ మీద నడిపించండి, పరిగెత్తక్కర్లేదు, ముందు నడవనివ్వండి, ఆ వాలు కాలికి తెలియాలి.

ర్యాలీకి ప్రిపేర్ అయ్యే వాళ్లకి ఇందులో పనికొచ్చేది ఒకటుంది. మీది టైమ్ రేసే, నిజమే, కానీ బెండ్ లెక్క మీకూ వర్తిస్తాది. 400 గ్రౌండ్‌లో లోపలి గీత వదిలేసి రెండో లేన్‌లో నాలుగు రౌండ్లు కొట్టావంటే 30 మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు. ఐదున్నర నిమిషాల స్పీడులో అది ఆరు సెకన్ల పైనే. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నేను చూస్తుంటాను, గుంపులో వెళ్లేటప్పుడు బలమున్న కుర్రోళ్లే ఎక్కువ బయట ఉంటారు, ముందోళ్లని దాటాలన్న తొందర, బెండ్ మధ్యలో ముగ్గురి పక్కగా వెళ్తూ, మోచేతులు తగులుతూ, చెప్పులు గట్టు మీద వదిలేసి ఉత్తికాళ్లతో ఆ దుమ్ములో అంత కష్టపడి రౌండ్‌కి సెకన్నర పారబోసుకుంటారు. దాటాలంటే బెండ్ అయ్యాక స్ట్రెయిట్‌లో దాటాలి, బెండ్‌లో ముందోడి వెనకే లోపల ఉండాలి. చెప్పడానికి తేలికే, గుంపులో గుండె దడదడలాడుతుంటే గుర్తుండదు, అందుకే ప్రాక్టీస్‌లో చేయాలి.

దానికి ఇండోర్ హాలు అక్కర్లేదు. స్కూళ్లలో పీఈటీ మాస్టార్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒకసారి చేసి చూడండి. గ్రౌండ్‌లో రెండు మేకులు 45 మీటర్ల దూరంలో పాతి, ఒక్కో మేకుకి 17 మీటర్ల 20 సెంటీమీటర్ల తాడు కట్టి అర్ధవృత్తాలు గీయండి, రెండు పక్కలా సున్నంతో స్ట్రెయిట్లు కలిపేయండి, గీతకి జానెడు బయటగా పరిగెత్తితే రౌండ్‌కి 200 మీటర్లు వచ్చేస్తాది. బ్యాంకింగ్ ఉండదు కాబట్టి బెండ్‌లో జారకుండా చూసుకోండి, వాన పడిన మర్నాడు వద్దు. ఎనిమిది మంది పిల్లల్ని ఏడున్నర రౌండ్లకి వదలండి, స్టాప్‌వాచ్ జేబులోనే ఉంచేయండి, ఎవరు ఎన్నో వాళ్లు వచ్చారన్నదే రాసుకోండి. వారానికొకటి చొప్పున నాలుగు వారాలు ఆడించి, ఐదో వారం వాళ్లని 400 గ్రౌండ్‌లో 1600కి దింపి అప్పుడు వాచ్ తీయండి.